ముడులున్న వైపు

ఏది ముందు వైపు అనా? ఆగాగు, అలా ఎత్తి దులపకు తల్లీ, చిమ్మటలు కొట్టినచోట పట్టుకున్నావంటే చేతిలోకి ఊడొచ్చేస్తుంది. బల్ల మీద పరిచెయ్యి. ఆ రొట్టె పళ్లెం తీసి కిటికీలో పెట్టు, పరవాలేదులే, పిల్లి బయటికెళ్లింది. ఆఁ, అలా. చేత్తో సాపు చెయ్యి, నెమ్మదిగా. మ్యూజియం వాళ్లు మనిషిని పంపిస్తాం అంటే ఎవరో కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన వస్తాడనుకున్నా, జర్మను పొగాకు కంపు కొట్టుకుంటూ. చూస్తే నువ్వు సైకిలు మీద దిగావు. గున్‌వొర్ కదూ పేరు? మా ఆడపడుచు కూతురు కూడా గున్‌వొరే, నీ అంత చలాకీ కాదు, దాన్ని ఒక పని నుంచి ఇంకో పనికి లేపాలంటే ఎడ్లు కట్టాలి. సరేలే, దాని గొడవ ఇప్పుడెందుకు. నునుపుగా ఉన్న వైపు రంగులు నిన్న అద్దినట్టున్నాయి, ముడులు, పోగులు వేలాడే వైపేమో వెలిసిపోయింది. నీకు అర్థం కానిది అదేగా? ఎండ తగిలేది ముందు వైపుకి కదా, వెనక వైపు ఎలా వెలిసిందీ అని. తెలివైనదానివే. ఇదివరకు దీన్ని చూసిన పెద్దమనుషులు ఎవరూ ఆ మాట అడగలేదు. కానీ అది ఒక్క ముక్కలో చెప్పేది కాదమ్మా. కూర్చో. చక్కెర బెల్లం ముక్కలా పళ్ల మధ్య పెట్టుకుని తాగు, కప్పులో కలిపేస్తే కాఫీ పాడవుతుంది. మీ పట్నం వాళ్లు అన్నీ కలిపేస్తారు.

ఇది గీసింది మామ్సెల్ ఒత్తీలియా. ఒత్తీలియా బ్రాందెల్. ఇప్పుడు మీరు ఫ్రోకెన్ అంటున్నారు, మా చిన్నప్పుడు పెళ్లికాని పెద్దింటి ఆడమనిషంటే మామ్సెలే. వాళ్ల నాన్న జడ్జీగారు, మిల్లు పక్కన పసుపుపచ్చ ఇల్లు వాళ్లదే, ఇప్పుడు అందులో పాల డిపో పెట్టారు చూశావా, అదే. మనిషి పొడుగు. మగాడిలా అంగలేసి నడిచేది. గోళ్ల కింద ఎప్పుడూ ఏదో ఒక రంగు. స్టాక్‌హోమ్‌లో బొమ్మలేసే బడికి ఆడపిల్లల్ని కొత్తగా రానిస్తున్న రోజుల్లో వెళ్లి చదువుకొచ్చిందిట. అక్కడే ఉండిపోదామనుకుందిట, ఇంతలో జడ్జీగారికి పక్షవాతం వచ్చింది, ఇంకెవరున్నారు, ఈవిడే వచ్చేసింది. ఆయన పోయాడు, ఈవిడ ఉండిపోయింది. అంతేగా మరి, ఆడవాళ్లు ఎవరినో చూసుకోవడానికి వస్తారు, వాళ్లు పోయాక తిరిగి వెళ్లే దారి మర్చిపోతారు. మొదట్లో నూనె రంగులతో బొమ్మలు వేసేది. మా బాబాయి ఆవుని వేసింది. ఆయన చాలాసేపు చూసి, "బాగానే ఉందండీ, కాకపోతే పాలు ఎక్కువ ఇచ్చేట్టుంది నా ఆవుకన్నా," అన్నాడు. ఆ బొమ్మలన్నీ ఎవరి ఇళ్లలోకో, పెద్ద బంగళాల్లోకి వెళ్లిపోయాయి. మళ్లీ ఎవరూ చూసిందీ లేదు, విన్నదీ లేదు.

ఇంతకీ నేతలోకి ఎలా వచ్చిందంటావా? మా పిన్ని పెళ్లికి. పెళ్లికూతురి బండిలో వేసే దిండ్లు ఉంటాయి చూడు, అవి మా అమ్మ నేసింది. మంజిష్ఠ ఎరుపు, నీలిమందు, పక్షులు, గుర్రాలు. బండి కదిలిపోతుంటే ఈవిడ బురదలో వెనకాల పరుగెత్తింది. నిజంగా! గౌను ఎత్తిపట్టుకుని, "ఆపండి, ఆపండి, చూడనివ్వండి!" అని. పెళ్లికొడుకు తరఫు వాళ్లు ఎవరో అప్పులవాళ్లేమో అనుకుని గుర్రాన్ని ఇంకా అదిలించారు. మర్నాడు మా ఇంటికొచ్చింది. "బెంగ్టా, అవి ఎవరు నేశారు?" మా అమ్మ పేరు బెంగ్టా. మా అమ్మ ఏమందో తెలుసా? "ఎవరో ఒకళ్లు నేసుంటారండి." మగ్గం పక్కనే నిలబడి! చేతిలో ఉన్ని పట్టుకుని! మా వైపు మనుషులంతే తల్లీ. 'నేను' అనే మాట గొంతులోంచి రావాలంటే వీపు మీద గుద్దాలి. అడగరు, చెప్పరు, ఒకరి మనసు నొచ్చుకుంటుందేమో అని ఇంకొకరు నోరు మూసుకుంటారు, అదే మర్యాద అనుకుంటారు. ఆ మర్యాద గురించే నీకు చెప్తున్నది.

తర్వాత ఆవిడ పెట్టె తెరిపించింది. మా స్కోనె సీమలో మంచి నేతంతా పెట్టెలోనే కదా ఉండేది. పెళ్లికి తీస్తారు, క్రిస్మస్‌కి గోడలకి కడతారు, పండగ అవగానే మడిచి లోపల పెట్టి తాళం. మామ్సెల్ తట్టుకోలేకపోయింది. "ఇంత అందాన్ని చీకట్లో పెడతారా బెంగ్టా?" మా అమ్మ, "ఎండకి రంగు పోతుందండి అమ్మగారూ." "పోతే పోనీ! చూసి పోగొట్టుకోవచ్చుగా!" ఇద్దరూ ఎప్పుడూ ఇదే వాదన. వాదనంటే మామ్సెల్ వాదించేది, మా అమ్మ దారం చిక్కు తీసేది. కానీ ఇష్టం సుమా. ఆవిడ వస్తుందంటే మా అమ్మ తలగుడ్డ మార్చుకునేది. మా నాన్న ఎగతాళి చేసేవాడు, "నేను పొలం నుంచి వస్తే ఏనాడూ మార్చలేదే," అని.

అలా మొదలైంది. ఆవిడ కాగితం మీద బొమ్మ గీసిచ్చేది, మా అమ్మ నేసేది. ఇక్కడ జాగ్రత్తగా విను, ఇక్కడే ఉంది అంతా. ఈ రకం నేత నేసేటప్పుడు మనిషి కూర్చునేది వెనక వైపు. ముడులు, పోగు కొసలు అన్నీ మన మొహాన ఉంటాయి, అసలు బొమ్మ అవతల గోడ వైపు ఉంటుంది. కాబట్టి కాగితాన్ని ఉన్నదున్నట్టు పడుగు దారాల వెనకాల పెట్టుకుని నేసేశావనుకో, గుడ్డ దింపి ముందు వైపు తిప్పితే కుడిది ఎడమ, ఎడమది కుడి, అద్దంలో చూసినట్టు. అంచేత కాగితాన్ని ముందే తిరగేసుకోవాలి. కిటికీ అద్దానికి ఆనించి, వెలుతుర్లో వెనక నుంచి బొగ్గుతో గీత గీతా దిద్దుకుని, ఆ వెనక వైపు బొమ్మ చూసి నెయ్యాలి. మాకది చిన్నప్పట్నుంచీ తెలిసిన సంగతి. మామ్సెల్‌కి తెలీదు. ఆవిడ నూనె రంగుల మనిషి కదా, ఎలా గీస్తే అలా కనిపిస్తుందనుకుంది. మొదటి కాగితం, కొంగ అనుకుంటా, తెచ్చిచ్చినప్పుడు మా అమ్మ చూసింది, తిరగేసి లేదు. ఏమీ అనలేదు. ఆవిడ వెళ్లాక కిటికీకి ఆనించి దిద్దుకుంది. మా నాన్న, ఆయన పేరు పేర్, గుమ్మంలో బూట్లు విప్పుతూ, "చెప్పొచ్చుగా ఆవిడకి," అన్నాడు. "ఏమని చెప్పను? స్టాక్‌హోమ్‌లో చదివొచ్చినావిడకి నేను పాఠం చెప్పాలా? చిన్నబుచ్చుకోదూ? నాకేం పోయింది, ఒక పూట పని." కొంగ సరిగ్గా వచ్చింది. మామ్సెల్ చూసి పొంగిపోయింది. ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి. ప్రతిసారీ మా అమ్మ తిరగేసుకునేది, ప్రతిసారీ ఆవిడ పొంగిపోయేది. ఏళ్లు గడిచిపోయాయి అలా. కాఫీ ఇంకొంచెం? ఉండు, ఆ మీగడ కూడా వేసుకో, మొహమాటపడకు. చూశావా, నువ్వు కూడా అంతే.

ఏం చెప్తున్నా? ఆఁ, చర్చి. చర్చిలో వేదిక వెనకాల గోడ చెమ్మ పట్టి పెచ్చులూడుతోంది. పాస్టరు గారు, అప్పటాయన, లావుపాటి మనిషి, ప్రసంగంలో తన మాటకి తనే తల ఊపుకునేవాడు, ఆ గోడ మీద ఏదైనా కప్పాలన్నాడు. మామ్సెల్ లేచి నేనొక పెద్ద గుడ్డ గీస్తాను, బెంగ్టా నేస్తుంది అంది. మధ్యలో చేతులు చాపుకుని ప్రభువు, రెండు పక్కల నుంచీ ఆయన దగ్గరికి నడిచి వస్తున్న మా ఊరి జనం. మా జనమే! ఇదిగో చూడు, ఈ ముక్కు మా నాయనమ్మది. అప్పట్లో మా చర్చిలో ఆడవాళ్లు ఎడమ పక్క, మగవాళ్లు కుడి పక్క. ఇప్పుడంటే మొగుడూ పెళ్లాం ఆనుకుని కూర్చుంటున్నారు, అప్పుడు అలా కూర్చుంటే గుసగుసలు నెల్లాళ్లు ఆగేవి కావు. గుడ్డలో కూడా అలాగే, ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు, వాళ్ల వాళ్ల బల్లలకి ఎదురుగా వాళ్ల వాళ్ల మొహాలు. ఇంటింటికీ తిరిగి గీసుకుంది. ఓలా అని మిట్ట మీద రైతు, ఆయనకి ముక్కు పక్కన పులిపిరి. "మామ్సెల్, ఆ పులిపిరి వదిలెయ్యండి, ప్రభువు దగ్గరికి వెళ్తున్నాను కదా," అన్నాడు. వాళ్లావిడ లోపల్నుంచి అరిచింది, "ఉంచండమ్మగారూ! లేకపోతే ఆ గుంపులో నా మొగుణ్ణి నేనెలా పోల్చుకునేది!" ఉంచింది. అదిగో, చూశావా? వేలు పెట్టకు, అక్కడ పోగు తెగుంది.

ఆ రోజుల్లో ఆవిడ మొహం చూడాలి నువ్వు. మా అమ్మతో అనేది, నేను బల్ల కింద ఉన్ని ఉండలు ఏరుతూ వినేదాన్ని, "నా బొమ్మలన్నీ ఎవరి బంగళాల్లోనో ఉన్నాయి బెంగ్టా, నీవన్నీ పెట్టెల్లో ఉన్నాయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి వెలుతుర్లో ఉండాలి. మనం పోయాక కూడా ఆదివారం ఆదివారం జనం తలెత్తి చూడాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు." మా అమ్మ ఆ సాయంత్రం పాడుకుంటూ ఆవుకి గడ్డి వేసింది. మా అమ్మ పాడగా నేను విన్నది అదొక్కటే.

కాగితం వచ్చింది. చాలా పెద్దది, ముక్కలు ముక్కలుగా అతికించి. మా అమ్మ నేల మీద పరిచి చూసి అలా నిలబడిపోయింది. ఆడవాళ్లు కుడి పక్క ఉన్నారు. మగవాళ్లు ఎడమ పక్క. "ఏంటి పేర్ ఇది," అంది. మా నాన్న వచ్చి చూసి, "తారుమారయ్యింది," అన్నాడు. "ఆవిడకి తెలీదా మన చర్చిలో ఎవరు ఎటు కూర్చుంటారో? మొహాలన్నీ కూర్చోబెట్టి గీసిందే!" "అయితే అడుగు." "వీళ్లంతా మన వైపు చూస్తూ నిలబడ్డారు కదా, వాళ్ల ఎడమ మనకి కుడి. ఆ లెక్కన గీసిందేమో. ప్రభువు చూసే వైపు నుంచి." "అయితే అదీ అడుగు! ఆ ఇల్లెంత దూరం, చేత్తో గుడ్లు పట్టుకెళ్తే పగలనంత దూరం." మా అమ్మ నిజంగానే గుడ్ల బుట్ట పట్టుకుని వెళ్లింది. వట్టి చేతుల్తో ఎలా వెళ్తాం? చాలాసేపటికి తిరిగొచ్చింది. మా నాన్న, "అడిగావా?" "గుడ్లిచ్చాను." "బెంగ్టా, అడిగావా?" "ఎంతో సంతోషంగా ఉంది పేర్ ఆవిడ. కాఫీ ఇచ్చింది. 'ఏమైనా అడగాలా బెంగ్టా' అని కూడా అంది. ఏం లేదండి అన్నాను." అంతే. అయిపోయింది. మా అమ్మ ఎప్పటిలాగే కాగితాన్ని కిటికీకి ఆనించి తిరగేసుకుంది. కాగితంలో ఎలా ఉంటే గుడ్డలో అలాగే రావాలి, అది ఆవిడ బొమ్మ, నాది నేత, అనుకుంది. నువ్వు చెప్పు, తప్పా అది? తప్పు కాదు. అదే నాకు కడుపుమంట.

రెండు శీతాకాలాలు నేసింది. మా పెద్దత్త సాయం పట్టేది. నేసింది నేసినట్టు మగ్గం కింది దోనె కర్రకి చుట్టేస్తారు కదా, జానెడు మేర తప్ప కనిపించదు. మామ్సెల్ మధ్యలో వచ్చేది, ఎదురుగా కనిపించేది ముడులేగా, రంగులు చూసి మెచ్చుకుని వెళ్లిపోయేది. పూర్తయ్యాక అంచులు కుట్టి, చుట్టచుట్టి చర్చికి పంపించారు. బిషప్పు గారు వస్తున్నారు, ఆయన ముందే విప్పాలని పాస్టరు పట్టుబట్టాడు. ముందే విప్పి చూస్తే పోయేది కదా అంటావా? ఆ మాట మేం ఎన్నిసార్లు అనుకుని ఉంటామో. గంట కొట్టేవాడూ, వాడి తమ్ముడూ నిచ్చెనెక్కి తాడు వదిలారు. గుడ్డ జారింది. రంగులమ్మా! ఆ ఎరుపు! నా కళ్లకి నీళ్లొచ్చాయి, అంత పిల్లనీ. ఆ తర్వాత మగవాళ్ల వైపు నుంచి ఎవరో, ఇప్పటికీ ఎవరో ఒప్పుకోలేదు, "ఒరే, ఓలా ఆడవాళ్లలో కలిసిపోయాడ్రా!" అన్నాడు.

అంతే. ఒకడు కిసుక్కుమన్నాడు, ఇంకోడు దగ్గు నటించాడు, ఆడవాళ్ల బల్లల మీద కూడా భుజాలు ఊగాయి. ఓలా పెళ్లాం తల ఎత్తి చూస్తే నెత్తి మీద పులిపిరితో సహా మొగుడు! ఆపుకోలేకపోయింది పాపం, కీచుమంది. బిషప్పు గారు చేతిగుడ్డ తీసి మూతి మీద పెట్టుకున్నారు. పాస్టరు మెడ దాకా ఎర్రబడ్డాడు. "దీనికి జవాబుదారీ ఎవరు?" అన్నాడు. నా పక్కన మా అమ్మ లేవబోయింది. నాకు తెలుసు, బల్ల కదిలింది. కానీ అంతకుముందే మామ్సెల్ లేచింది. నిటారుగా నిలబడి, "తప్పు నాది పాస్టరు గారూ. గీసింది నేను. నేసినవాళ్లు కాగితంలో ఉన్నట్టే నేశారు," అంది. మా అమ్మ మళ్లీ కూర్చుండిపోయింది. ఎందుకంటే అది నిజమే అనుకుంది. ఆవిడ తప్పు గీసింది, నేను చూసి కూడా నోరు విప్పలేదు, ఊరందరి ముందూ ఆవిణ్ణి నవ్వులపాలు చేశాను. అదీ మా అమ్మ అనుకున్నది.

గంట కొట్టేవాడు మంచివాడు, ఒక ఉపాయం చెప్పాడు. "వెనక గోడకి కడితే సరిపోతుంది కదండీ, అటు తిరిగి చూస్తే ఎవరి వైపు వాళ్లే వస్తారు." నిజమే, సరిపోతుంది! కానీ వెనక గోడకి ఆర్గను ఉంది, కొత్తది, దాని కోసం ఊరంతా ఎన్ని చందాలు, ఎన్ని తగాదాలు, దాన్ని కప్పేస్తే వాయించేవాడు ఎటు నుంచి దూరతాడు? పైగా గుడ్డ చూడాలంటే వేదికకి వీపు పెట్టాలి. పాస్టరు, "చుట్టెయ్యండి," అన్నాడు. చుట్టేశారు. మామ్సెల్ మిల్లు బండిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయింది. బండి పక్కన నడుస్తూ వెళ్లింది, అంగలేసి, ఎప్పటిలాగే.

తర్వాత వారమో ఎప్పుడో మా గేటు దగ్గరికొచ్చింది. మా అమ్మ కిటికీలోంచి చూసి మగ్గం గదిలోకి పోయి పడుగు వెనకాల దాక్కుంది. పెద్ద మనిషి, పిల్లల తల్లి, దాక్కుంది! ఏ మొహం పెట్టుకుని ఎదురుపడను అని. మా నాన్నకి అబద్ధం ఆడటం చేతకాదు, "బెంగ్టా... హెర్రింగు చేపల కోసం రేవుకెళ్లిందండి," అన్నాడు. ఆ రోజు తుఫాను, ఒక్క పడవ కదల్లేదు. మామ్సెల్ గేటు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడింది. "సరే పేర్. వచ్చానని చెప్పు," అని వెళ్లిపోయింది. బెంగ్టాకి నా మీద కోపం అనుకుంది. మళ్లీ రాలేదు. మా అమ్మ మళ్లీ బొమ్మలు నేయలేదు. చారలు, గళ్లు, అవే. మామ్సెల్ మళ్లీ రంగులు ముట్టుకోలేదు. ఆదివారం చర్చి గుమ్మంలో ఎదురైతే తల ఊపుకునేవాళ్లు. ఏళ్లకేళ్లు, తల్లీ, ఒక చిన్న ఊళ్లో, అలా తలలు ఊపుకుంటూ బతికేశారు ఇద్దరు ఆడవాళ్లు. నేను పెద్దదాన్నయ్యాను, పెళ్లయింది, పిల్లలు. వాళ్లు తల ఊపుకుంటూనే ఉన్నారు.

మధ్యలో ఊళ్లో ఒక మాట పుట్టింది. పొగగొట్టాలు దులిపేవాడు మోసుకొచ్చాడు. మామ్సెల్ ఆ గుడ్డని తన ముందు గదిలో, కిటికీకి ఎదురు గోడకి కట్టుకుందిట, కానీ తిరగేసిట. ముడులు గదిలోకి, బొమ్మ గోడకి. "చింపిరి పోగులు చూస్తూ కూర్చుంటోందర్రా, మతి పోయింది!" అని. మా అమ్మ రొట్టె పిండి పిసుకుతోంది అప్పుడు. చేతులు ఆగిపోయాయి. ఏమనుకుందో నాకు తెలుసు. నా నేత మొహం చూడలేక గోడకి తిప్పేసింది అనుకుంది. ఆ రోజు రొట్టె పొంగలేదు.

చివరికి ఒక ఫిబ్రవరిలో, రొమ్ము పడిశం పట్టి మామ్సెల్ పోయింది. బోయెల్ వచ్చింది మా ఇంటికి, ఆవిడ పనిమనిషి, మొదట్నుంచీ ఆవిడ దగ్గరే ఉన్న మనిషి. ఊళ్లో ఎవరు పోయినా స్నానం చేయించి బట్ట కట్టేది మా అమ్మే కదా, ఇంకెవర్ని పిలుస్తుంది? మా అమ్మ తెల్ల గుడ్డలు తీసుకుంది. తోడు నేను వెళ్లాను. అన్నేళ్ల తర్వాత ఆ ఇంటి గడప తొక్కింది. ముందు గదిలోంచే లోపలికి దారి. మంచు మీది వెలుతురు కిటికీలోంచి పడుతోంది ఎదురు గోడ మీద. గుడ్డ. ముడుల వైపు. మా అమ్మ నీళ్ల బేసిను పట్టుకుని అలా ఆగిపోయింది. చూడు, ఇప్పుడు నువ్వే చూడు, తిప్పు ఇటు, కొంచెం దూరం జరిగి చూడు. పోగులు వేలాడుతున్నాయి, నిజమే. కానీ మా నాయనమ్మ ఎటు ఉంది? ఎడమ. ఓలా ఎటు ఉన్నాడు? కుడి. సరిగ్గా చర్చిలోలాగా. ఆవిడ గోడకి తిప్పింది నేతని కాదమ్మా. బొమ్మని సరిచేసుకుంది.

అప్పుడు బోయెల్ చెప్పింది. ఆ పెద్ద బొమ్మ గీయడానికి ముందటి ఏడాది మామ్సెల్ ఎక్కడ్నుంచో చిన్న నిలువు మగ్గం ఒకటి తెప్పించుకుందిట, సరదాకి. కుందేలు బొమ్మ పెట్టుకుని నేసింది. దింపి చూస్తే కుందేలు తను గీసినదానికి ఎదురువైపు తిరిగుంది. ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టిందిట, నవ్వి నవ్వి ఏడ్చిందిట. "బోయెల్, ఇన్నేళ్లూ బెంగ్టా నా కాగితాలు తిరగేసుకుంటోంది! ఒక్క మాట అనలేదు నన్ను!" అందిట. అంచేత చర్చి బొమ్మ మాత్రం తనే తిరగేసి గీసింది. బోయెల్ కిటికీ అద్దానికి కాగితం పట్టుకుంటే, ఈవిడ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా గీత గీతా దిద్దింది. "ఈసారి దానికి ఆ శ్రమ వద్దు. చెప్పను, అదే చూసుకుంటుందిలే," అందిట. చెప్తే ఇన్నాళ్లూ నాకు తెలీదని ఒప్పుకున్నట్టు, దాని మంచితనాన్ని మొహం మీద పెట్టి మాట్లాడినట్టు. మా అమ్మ గుడ్లు పట్టుకెళ్లిన రోజు ఆవిడ చెబుదామని నోరు తెరిచిందిట కూడా. 'ఏమైనా అడగాలా బెంగ్టా' అని మాత్రం అంది. మా అమ్మేమో ఏం లేదండి అంది. ఈవిడ తిరగేసింది, ఆవిడా తిరగేసింది. ఇద్దరూ ప్రేమకొద్దీ. చర్చిలో గుడ్డ జారగానే మామ్సెల్‌కి అర్థమైపోయింది. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే, నేను తిరగేశాను, ఆవిడ మళ్లీ తిరగేసింది అని, సగం మచ్చ మా అమ్మ మీద పడేది. చెప్పలేదు. గీసింది నేను, తప్పు నాది అంది. అన్నేళ్లూ అలాగే ఉంచుకుంది.

మా అమ్మ బేసిను కింద పెట్టింది. లోపలికెళ్లింది. మామ్సెల్ పక్కన మంచం పట్టీ మీద కూర్చుని ఆ చెయ్యి తీసుకుంది. గోళ్ల కింద రంగు లేదు, శుభ్రంగా ఉన్నాయి. దానికే ఎక్కువ ఏడుపొచ్చింది నాకు. మా అమ్మ ఆవిడ మొహం చూస్తూ, మామూలుగా మాట్లాడినట్టే, "గుడ్లు కింద పెట్టి అడగాల్సింది అమ్మగారూ. అడగాల్సింది," అంది. మళ్లీ మళ్లీ అదే. నేనూ బోయెల్ బయటికొచ్చేశాం.

శవపెట్టె మీద ఈ గుడ్డే కప్పాం, ముడులు పైకి. చర్చిలో వేదిక ముందు దింపాక పాస్టరు, అదే పాస్టరు, ముసలాడైపోయాడు అప్పటికి, వంగి నెమ్మదిగా, "బెంగ్టా, తిరగేసి కప్పారు," అన్నాడు. ఎవరి ముందూ గొంతెత్తని మా అమ్మ, వెనక బల్లల దాకా వినిపించేట్టు, "లేదండి. ఇదే సరైన వైపు," అంది. ఆడవాళ్లు ఆడవాళ్ల వైపు, మగవాళ్లు మగవాళ్ల వైపు, వాళ్ల మీద వేలాడే పోగులు. ఓలా తన బల్లలోంచి తనని తను చూసుకుంటూ టోపీ నలిపేశాడు. అలా ఒక్క రోజు చర్చిలో ఉంది ఇది. సమాధి దగ్గర తీసేసి ఇంటికి తెచ్చాం. తెచ్చి ఏం చేసిందనుకున్నావు మా అమ్మ? పెట్టెలో పెట్టింది. అదే, ఏ పెట్టె గురించి ఆవిడ అంత గోల చేసేదో, ఆ పెట్టెలోనే. ఎందుకమ్మా అంటే, "ఉన్న రంగు కూడా పోతుంది," అంది. వేరే విధం తెలీదు దానికి. క్రిస్మస్‌కి తీసి ముడులు బయటికి పెట్టి కట్టేది. తను పోయాక నేనూ అంతే చేశాను. మామ్సెల్ కోరింది వెలుతురు, మేం ఇచ్చింది మళ్లీ చీకటే. ఆ వెలిసిందంతా ఆవిడ ముందు గదిలో వెలిసిందే, మా దగ్గర కాదు.

అందుకే మీ మ్యూజియం వాళ్లకి ఇస్తానన్నాను. పెద్ద కిటికీలున్నాయిటగా ఆ హాల్లో? మంచిది. ఏమంటారు మీ పెద్దాయన, నునుపు వైపు రంగులు తాజాగా ఉన్నాయి, అదే పెట్టమంటారా? అనొచ్చు. ముడులు చూపిస్తే జనం నవ్వుతారు అనొచ్చు. నవ్వనీ. నువ్వు చెప్పు ఆయనకి. నోరుంది కదా నీకు, చెప్పు. గడప దాటి ఇంకా చేతిసంచి కూడా దింపలేదు, గుడ్డ చూడగానే అడిగేశావు, "ఏది ముందు వైపు అమ్మమ్మా" అని. అంత తేలిగ్గా. గుడ్డ అటూ ఇటూ తిప్పుతూ, నవ్వుతూ. అదే మాట కదే మా అమ్మ బుట్టలో గుడ్ల మధ్య పెట్టుకుని వెళ్లి, మళ్లీ అలాగే...

ఏంటి? ఆఁ, ఏం లేదు. కాఫీ చల్లారిపోయింది నీది. ఇలా ఇవ్వు కప్పు, వేడిది పోస్తాను.